పూత లేని రేకు

మా తమ్ముడు గల్ఫ్‌లో ఏం పని చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా అమ్మ, "రేకులకు మందు కొడుతడు" అని చెప్పేది. వాడు ఫోన్లో ఆమెకు చెప్పిన మాట అదే. పత్తికి కొట్టినట్టే ఇనుముకూ మందు కొడతారేమో, ఆ దేశంలో ఇనుముకు కూడా పురుగు పడుతుందేమో అని ఆమె నిజంగానే అనుకుంది. నాకూ అంతకంటే పెద్దగా తెలియదు. వాడు ఒక వీడియో పంపాక గానీ అర్థం కాలేదు.

పెద్ద షెడ్డు. కొక్కేలకు వేలాడుతున్న స్టీలు రేకులు, ట్రేలు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూటు, ముక్కుకు మాస్కు, చేతిలో స్ప్రే గన్ను పట్టుకుని ఒక మనిషి. సూటులో ఉన్నది మా తమ్ముడని వాడి నడకను బట్టి గుర్తుపట్టాను. చివర్లో వాడు ఆరిన రేకు మీద సీసాడు నీళ్లు వంచాడు. నీళ్లు రేకును తడపలేదు. గుండ్రటి పూసలై, ఒకదాన్నొకటి తరుముకుంటూ కిందికి దొర్లిపోయాయి. రేకు పొడిగా మెరుస్తూ మిగిలింది.

"సూసినవా చిన్నక్కా? దీని మీద దుమ్ము పడ్డా నీళ్లే ఎత్తుకపోతయి. తుడిచే పనే లేదు" అన్నాడు గర్వంగా.

నేను జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. తలతన్యత పాఠం రోజున ఆ వీడియోను మా ఇంటర్ పిల్లలకు చూపించాను. వాళ్లు మళ్లీ మళ్లీ వేయించుకుని చూశారు.

తర్వాత దగ్గు మొదలైంది. ఏసీ పడట్లేదని కొన్నాళ్లు అన్నాడు. ఒక రోజు మూసి ఉన్న తొట్టి లోపల మందు కొట్టడానికి దిగాడట. గాలి లాగే ఫ్యాను ఆడటం లేదు. లోపలే దమ్ము అందక కూలబడితే తోటి పనివాళ్లు కాళ్లు పట్టి బయటికి లాగారు. అక్కడి ఆసుపత్రిలో కొన్నాళ్లుండి, సంచి సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, ఆ సన్నటి తుంపర ఊపిరితిత్తుల లోపలి దాకా పోయి దెబ్బతీసిందని చెప్పాడు. మెల్లగా మానుతుందట. కానీ ఇక స్ప్రే గన్ను ముట్టుకోవద్దు, కొత్త పెయింటు వాసన వచ్చే గదిలో కూడా నిలబడొద్దు అన్నాడు.

ఇనుముకు తప్ప వేరే దేనికీ అలవాటు పడని చేతులు వాడివి. ఊరికే కూర్చోలేకపోయాడు. మా ఊరు కథలాపూర్ దగ్గర. నాన్నను బాపు అనేవాళ్లం, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన పోయాక అమ్మ తమ్ముడి దగ్గర కోరుట్లలో ఉంటోంది. అక్కడే బస్టాండుకు దగ్గరలో వాడు చిన్న దుకాణం పెట్టి లేజర్ మిషను తెచ్చుకున్నాడు. పెళ్లిళ్లకు, ఇల్లు చొచ్చుడుకు, అంటే గృహప్రవేశాలకు, ఇచ్చే గిన్నెల మీద పేర్లు రాసే మిషను. మా చిన్నప్పుడు గిన్నెల దుకాణంలో ఒకాయన బుర్రుమనే పెన్నులాంటిది పట్టుకుని వంకరటింకరగా పేరు చెక్కేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో పేరు కొట్టి కాలితో పెడల్ తొక్కితే చాలు. స్టీలు మీద తెల్లటి నిప్పు చుక్క సర్రుమని ఆడుతుంది. ఆగేసరికి పేరు రాసి ఉంటుంది.

"గీ మిషిన్ల నాకు మంచిగ నచ్చిందేందో ఎర్కేనా?" అన్నాడు నేను మొదటిసారి దుకాణానికి వెళ్లినప్పుడు. "దీనికి డబ్బా లేదు. రంగు లేదు, మందు లేదు, వాసన లేదు. ఒట్టి ఎలుతురుతోనే రాస్తది."

ఒక ఆదివారం కోరుట్లలో వాళ్లింటి వెనక అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాం. వాన వెలిసింది. బట్టలుతికే బండ పక్కన, నీళ్లు పారే చోట అమ్మ చామగడ్డ వేసింది. ఏపుగా పెరిగిన ఆకుల మీద నీటి బొట్లు వెండి గుండ్లలా అటూఇటూ దొర్లుతున్నాయి. గాలి వస్తే జారి కింద పడుతున్నాయి. ఆకు తడవడం లేదు. వాడు చాలాసేపు అటే చూసి, "దీనికెవడు కొట్టిండక్కా మందు?" అన్నాడు.

నవ్వుతూ అడిగాడేమో అనుకున్నాను. మొహం చూస్తే నవ్వడం లేదు.

ఆ ఆకును కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టి పిల్లలకు ఎన్నోసార్లు చూపించినదాన్నే. కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ కిందంతా గుబ్బలు గుబ్బలుగా ఉంటుంది, ఆ గుబ్బల మీద ఇంకా సన్నటి గరుకు ఉంటుంది, పైన పలచటి మైనం లాంటిది కూడా ఉంటుంది అని చెప్పాను. నీటి బొట్టు ఆ గుబ్బల కొసల మీద మాత్రమే ఆనుతుంది. కొసల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది. అందుకే జారుతుంది. ఇనుము మీద కూడా మందు లేకుండా ఇలాంటి గరుకును లేజరుతో చెక్కుతున్నారని ఎక్కడో చదివాను అని కూడా అన్నాను.

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"లేజరంటే నా కాడున్నది లేజరే కదా?"

"వాళ్లవి వేరేరా. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఉండేవి."

"గీతలు గీసుడే కదనే. నేను గీస్త. ఎట్ల గియ్యాల్నో నువ్వు చెప్పు."

అలా మొదలైంది. గిన్నెల దుకాణం నుంచి అల్యూమినియం రేకు ముక్కలు తెచ్చాడు. నేను దొరికినంత చదివి, గీతకూ గీతకూ మధ్య ఎంత ఎడం ఉండాలో అందాజాగా చెప్పేదాన్ని. నిలువుగా ఒక వరస, దాని మీద అడ్డంగా ఇంకో వరస. పడుగు, పేక లాగా. ఒక్క గీత కూడా విడిగా కంటికి ఆనదు. నిప్పు చుక్క నెమ్మదిగా రేకంతా దున్నుకుంటూ పోతుంటే తెల్లటి అల్యూమినియం బూడిద రంగుకు, తర్వాత నల్లటి మఖమల్ గుడ్డలా మారిపోయేది. అందమైన నలుపు. దాని మీద రంగు చుక్క కూడా వేయలేదని చెబితే ఎవరూ నమ్మరు.

మొదటి రేకు చల్లారగానే తమ్ముడు ఒక బొట్టు నీరు వేశాడు.

బొట్టు కనిపించలేదు. పడీ పడకముందే రేకంతా పాకి ఇంకిపోయింది, అద్దుడు కాగితం మీద సిరా పడ్డట్టు. మామూలు రేకు మీదనైనా నీరు కాసేపు బిళ్లలా నిలిచేది. ఇది అంతకంటే అధ్వానం.

"గిదేందే! గిది నీళ్లు తాగుతుంది!" అన్నాడు.

ఎడం తగ్గించాం, పెంచాం. మిషను వేగం మార్చాం. ఒకటే గీత మీద రెండు మూడుసార్లు పోనిచ్చాం. స్టీలు మీద చేశాం, రాగి మీద చేశాం. ఏది చేసినా అంతే. ఎన్నాళ్ల దాహంతో ఉన్నట్టు ప్రతి రేకూ నీటిని పీల్చేసుకునేది. నేను చదివినదాంట్లో నాకు అర్థం కానిదేదో ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో తెలియలేదు.

ఈలోపు వాడికి మళ్లీ దగ్గు వచ్చింది. పేరు రాస్తే లేచే పొగ కొంచెమే. రేకంతా దున్నితే మాత్రం కంటికి కనిపించని లోహపు దుమ్ము లేస్తుంది. అమ్మ ఒక మధ్యాహ్నం అన్నం తీసుకుని దుకాణానికి వచ్చి, వాడు బల్ల పట్టుకుని దగ్గుతుంటే చూసి, ఏమీ అడగకుండా పోయి మిషను ప్లగ్గు పీకేసింది.

"ఆడ పోగొట్టుకున్నది సాలదా కొడుకా? ఈడ సుత గదేనా? మందు లేదు మందు లేదనుకుంట పొగ మింగుతున్నవు!"

వాడు గాలి లాగే ఫ్యాను, వడపోసే డబ్బా బిగించి, గొట్టాన్ని వెంటిలేటరు గుండా బయటికి పెట్టించాడు. పేర్లు రాసే పని దానితో సాగింది. రేకులు దున్నే పని ఆపేశాం. చేసిన ముక్కలన్నీ గిన్నెలు వచ్చిన అట్టపెట్టెలో వేసి పై అరలోకి తోశాడు. కాలేజీలో పరీక్షలు వచ్చాయి. నేనూ మరిచిపోయాను.

దసరాకు ముందు దుకాణాలన్నీ దులుపుతారు కదా. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూమ్‌లో ఉంటే అమ్మ ఫోను. ఆమె తనంతట తను ఫోన్ చేయడం అరుదు.

"బిడ్డా, మీరు ఆ నల్ల రేకులకు ఏమన్న పూసిన్రా?"

"లేదవ్వా. ఏమైంది?" అన్నాను. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

"తడి బట్టతోని తుడుద్దామని కిందికి దించిన. బట్ట నుంచి నీళ్లు కారి మీద వడ్డయి. నిలుస్తలేవు బిడ్డా! ఉరుకుతున్నయి! తమ్ముడు అన్ని దించి సూస్తుండు. నువ్వు జల్ది రా."

మిగిలిన క్లాసును ఇంకొకరికి అప్పగించి కోరుట్ల బస్సెక్కాను. దారంతా నూనె మరకేదో అంటుకుని ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఏమీ ఆశపడకూడదని గట్టిగా అనుకుంటూనే కిటికీ బయటి ఊళ్లన్నీ మెల్లగా వెనక్కి పోతున్నాయని విసుక్కున్నాను.

దుకాణంలో షట్టరు సగం దించి ఉంది. బల్ల మీద రేకులు వరసగా పేర్చి ఉన్నాయి. అమ్మ వాటి మీద తువ్వాల కప్పి, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కూర్చుంది. తమ్ముడు నా చేతికి కంటి చుక్కల మందు సీసా ఇచ్చాడు. ఖాళీ సీసాను కడిగి నీళ్లు పోసి ఉంచాడు.

నేను రేకు మీద సీసా మూతిని ఆనించినంత దగ్గరగా పెట్టి నొక్కాను. బొట్టు ఊరింది. రేకును తాకింది. కానీ సీసాను వదలలేదు. పక్కకు జరిపితే సీసాతోనే వచ్చేసింది. రేకు దాన్ని పుచ్చుకోవడం లేదు. ఇంకొంచెం పైనుంచి వదిలాను. బొట్టు పడి, చదునుగా అణిగి, మళ్లీ పైకి ఎగిరింది. బంతి ఎగిరినట్టు. రెండోసారి ఇంకొంచెం తక్కువగా ఎగిరి, వణుకుతూ గుండ్రంగా నిలబడింది. నేను గాలి పీల్చినంత మాత్రానికే కదిలి, రేకు అంచు దాకా దొర్లి, కింద పడిపోయింది.

ఇన్నేళ్లుగా తలతన్యత చెబుతున్నాను. బోర్డు మీద ఎన్ని బొట్లు గీశానో. పూర్తిగా గుండ్రటి నీటిబొట్టును లోహం మీద నేనెప్పుడూ చూడలేదు. నిలబడ్డ ఆ కాసేపు అందులో షట్టరు సందులోని వెలుతురు తలకిందులుగా కనిపించింది.

"గివి నీళ్లేనా?" అంది అమ్మ మెల్లగా. చెంబులోని నీళ్లలో వేలు ముంచి నాలుకకు పెట్టుకుంది. "నీళ్లే."

తమ్ముడు రేకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒకసారి కాదు, అన్ని రేకులనూ ఒక్కొక్కటిగా. ఆ మందు వాసన వాడికి నిద్రలో కూడా తెలుస్తుంది.

"లేదక్కా" అన్నాడు. "దీని మీద ఏం లేదు. ఉత్త రేకే."

తర్వాత వాడే బకెట్లో నీళ్లు తెచ్చాడు. నల్లటి రేకును నిలువుగా నీళ్లలో ముంచి కొద్దిగా వంచాడు. అమ్మ "అవ్వో!" అని రెండడుగులు వెనక్కి వేసింది. నీళ్ల లోపల నల్ల రేకు వెండిలా వెలిగిపోతోంది. అద్దంలా మా ముగ్గురి మొహాలూ అందులో ఆడుతున్నాయి. వాడు బయటికి తీశాడు. మళ్లీ నలుపు. వేలితో తడిమితే పొడి. నీళ్లలోకి పోయి వచ్చిన రేకు మీద తేమ అన్నదే లేదు. మళ్లీ ముంచాడు, మళ్లీ వెండి. చిన్నప్పుడు బాపుతో మొదటిసారి తాటిచెట్టు సగం దాకా ఎక్కి కిందికి చూసినప్పటి వాడి మొహం మళ్లీ ఆ రోజే చూశాను.

ఆ వెండి గాలి. అది మాత్రం నాకు వెంటనే తెలిసింది. చెక్కిన గీతల సందుల్లో పలచటి గాలి పొర చిక్కుకుని, నీటిని రేకు దాకా రానివ్వడం లేదు. వెలుతురు ఆ పొర మీద పడి తిరిగొస్తోంది. కానీ అప్పుడు నీళ్లు తాగిన రేకు ఇప్పుడెందుకు తాగడం లేదో ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. వారం పది రోజులు ఇంటర్నెట్‌లో వెతికి, నాకు చదువు చెప్పిన సారును అడిగి తెలుసుకున్నాను. లేజరు అప్పుడే చెక్కిన లోహానికి నీరంటే విపరీతమైన మోజు. దాన్ని అలా వదిలేస్తే, మనం పీల్చే ఈ మామూలు గాలిలో ఉండే కంటికి ఆనని జిడ్డు కణాలు మెల్లమెల్లగా వచ్చి ఆ గరుకు మీద ఒక పొరగా కుదురుకుంటాయి. చామాకు మైనం లాంటి పనే అవి చేస్తాయి. ఎవరూ పూయక్కర్లేదు. ఆగాలి, అంతే. చదివేటప్పుడు ఆ ఆగడం అన్న ముక్కనే నేను దాటేశాను. అట్టపెట్టెలో, చీకట్లో, మా అందరికీ మరుపులో ఉన్నప్పుడు ఆ పని దానంతట అది జరిగిపోయింది.

ఈ సంగతి చెబితే తమ్ముడు రేకును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అంటే గాలే చేసిందంటవా?"

"గాలే. నువ్వు చెక్కినవు, మిగిలింది గాలి చేసింది."

వాడు ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని మెల్లగా రుద్దుకున్నాడు. అది వాడికి అలవాటు. "గా మందు కోసం మనుషులం తొట్లల్ల దిగితిమి గదనే" అన్నాడు. కోపంగా అనలేదు. నమ్మలేక అన్నాడు.

నిజమో కాదో తేల్చుకోవడానికి మళ్లీ చేశాం. ఈసారి ఫ్యాను ఆన్ చేసి, మాస్కు కట్టుకుని, తలుపు తెరిచి పెట్టాక గానీ అమ్మ ప్లగ్గు పెట్టనివ్వలేదు. కొత్త రేకులను అరలో పెట్టాం. వాటికి కాపరి అమ్మే. రోజూ పొద్దున చాయ్ తాగి, ఒక్కో రేకు మీద ఒక్కో బొట్టు వేసి చూసేది. నాకు ఫోన్లో చెప్పేది. మొదట్లో "ఇంక తాగుతుంది" అని రోజూ అదే మాట. తర్వాత ఒక రోజు, "ఇయ్యాల తాగలే. బిళ్ల లెక్క ఉన్నది." ఇంకొన్నాళ్లకు, "కందిపప్పంత లేచింది." చివరికి ఒక రోజు ఫోన్ ఎత్తగానే, "ఉరికింది బిడ్డా! వట్టుకుందామంటె దొరుకుతలేదు!" అని చిన్నపిల్లలా నవ్వింది. నేను కాలేజీ వరండాలో నిలబడి ఉన్నాను. నాకూ నవ్వు ఆగలేదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ బొట్టు ఇలా రోజుకింత పైకి లేవడాన్ని నేను చదవలేదు.

సిరిసిల్లలో మా పెద్దక్క ఉంటుంది. బావకు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఇంటికి ఆనుకునే షెడ్డు. పొద్దున మొదలైతే చెవులు పగిలే చప్పుడు, గాలినిండా నూలు నూగు. షెడ్డు కిటికీలకు, ఫ్యాను రెక్కలకు, బల్బులకు, అక్క కనుబొమ్మలకు కూడా ఆ నూగు పట్టి ఉంటుంది. అక్క రోజూ బట్ట పట్టుకుని తుడుస్తూనే ఉంటుంది. తుడిచిన చోటే మళ్లీ పడుతుంది.

దుమ్మును నీళ్లే ఎత్తుకుపోవడం నిజంగా చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదని తమ్ముడే అన్నాడు. చెక్కిన రేకు ఒకటి, చెక్కనిది ఒకటి తీసుకెళ్లి, షెడ్డు కిటికీ దగ్గర వాలుగా బిగించి వచ్చాడు. "తుడవకు పెద్దక్కా, ఎంత మురికి వడ్డా తుడవకు" అని ఒట్టు పెట్టించుకున్నాడు. తుడవకుండా ఉండటం అక్కకు ఎంత కష్టమైందో ఆమె తర్వాత నాకు చెప్పింది. దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా చెయ్యి దానంతట అదే లేచేదట.

నెల దాటాక వాడూ నేనూ కలిసి వెళ్లాం. కథలాపూర్, వేములవాడ మీదుగా బస్సు. వాడు ఒళ్లో చెంబంత నీళ్ల బాటిల్ పెట్టుకుని కూర్చున్నాడు.

షెడ్డులో రెండు రేకులూ గుర్తు పట్టేట్టు లేవు. రెండింటి మీదా బూడిద రంగు బొచ్చులా నూగు, దుమ్ము.

"గిదేనా మీ రేకు? నా ఇంటి గోడకన్న పాడైంది" అని అక్క సాంచాల చప్పుడు మీద అరిచింది. "ఒక్కసారి బట్ట వెడుతె అయిపోతుండె."

తమ్ముడు ముందు చెక్కని రేకు మీద నీళ్లు పోశాడు. నూగు తడిసి ముద్దయి, బురద చారలుగా అక్కడే అంటుకుపోయింది. అక్క నా వైపు చూసింది, నేను చెప్పలేదా అన్నట్టు.

తర్వాత చెక్కిన రేకు మీద, పై అంచున ఒక్క బొట్టు వేశాడు.

అది ఒక క్షణం నూగు మీద తడబడింది. తర్వాత దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ దారిలోని నూగును తన చుట్టూ చుట్టుకుంది. కింది అంచుకు వచ్చేసరికి అది నీటిబొట్టులా లేదు, దూది ఉండలా ఉంది. టప్పున కింద పడింది. అది నడిచిన దారి మాత్రం నల్లగా, కొత్తగా, ఎవరో చీపురుతో ఒకే గీత ఊడ్చినట్టు మిగిలింది. తడి లేదు.

అక్క వెనక్కి తిరిగి, దగ్గరున్న సాంచాను ఆపేసింది. ఇంకోదాన్ని ఆపింది. అన్నీ ఆగాక షెడ్డు నిశ్శబ్దంలో మేం మాట్లాడే మాటలు మాకే కొత్తగా వినిపించాయి.

"ఇంకోపారి వొయ్యి" అంది.

వాడు బాటిల్ ఆమె చేతికే ఇచ్చాడు. అక్క గుప్పెట్లో నీళ్లు పట్టి రేకు మీద చిలకరించింది. పది వైపుల నుంచి బొట్లు దొర్లాయి. నూగును కప్పుకుని, ఒకదానిలో ఒకటి కలుస్తూ, కింద నేల మీద తెల్లటి గింజల్లా రాలాయి. చూస్తుండగానే రేకు అంతా నల్లగా తేలింది. అక్క పెళ్లయినప్పటి నుంచి ఆ నూగును తుడుస్తోంది. తన చెయ్యి పెట్టకుండా అది తొలగిపోవడం ఆమె చూస్తున్నది మొదటిసారి.

"దీనికి ఏం పూసినవురా?"

"ఏం పూయలే పెద్దక్కా."

"నాతోని అబద్ధమాడకు."

"అవ్వ మీద ఒట్టు. ఏం పూయలే."

ఆమె నమ్మలేక బొటనవేలితో రేకును గట్టిగా రుద్దింది. ఆ వేలికి సాంచా నూనె ఉంది. మళ్లీ నీళ్లు వేస్తే అన్ని చోట్లా జారిన నీరు ఆ వేలిముద్ర దగ్గర మాత్రం ఆగి, తెల్లటి పొక్కులా అంటుకుపోయింది. "అయ్యో, ఖరాబు జేసిన గదరా!" అని అక్క చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. ఇది నీళ్లకే లొంగదు గానీ నూనెకు లొంగుతుంది, గట్టిగా గీకితే కొసలు విరిగిపోతాయి అని నేను చెప్పాను. తమ్ముడు ఆ రేకును ఇంటికి తీసుకెళ్లి సబ్బు నీళ్లతో కడిగి, మళ్లీ అరలో అమ్మకు అప్పగించాడు. కొన్ని వారాలకు ఆ వేలిముద్ర చోటు కూడా చాలావరకు కోలుకుంది. గాలి మళ్లీ తన పని చేసింది.

బావకు తెలిసిన సైజింగు యజమాని ఒకాయన ఇది విని కోరుట్ల దాకా వచ్చాడు. సైజింగులో నూలుకు గంజి పెట్టి వేడి డ్రమ్ముల మీద ఆరబెడతారు. గంజి అంటకుండా ఆ డ్రమ్ములకు నల్లటి పూత ఉంటుంది. అది పెచ్చులూడుతోంది, దానికి బదులు ఇది పనికొస్తుందా అని అడిగాడు. తమ్ముడు ఆశగా ఒక ముక్క చేసి ఇచ్చాడు. వేడి గంజి గీతల సందుల్లోకి దిగి రాయిలా పట్టేసింది. గీకితే గరుకంతా పోయింది. కాలేదు. ఆయన మర్యాదగా చాయ్ తాగి వెళ్లిపోయాడు. రెండు రోజులకు తమ్ముడు ఆ పాడైన ముక్కను నా ముందు పెట్టి, "సందులు ఇంక సన్నగ చేస్తె ఎట్లుంటదే?" అన్నాడు. ఇప్పటికీ ఆదివారాలు మాకు అదే పని. మిగతా రోజులు వాడు పెళ్లి గిన్నెల మీద పేర్లు రాస్తాడు. దగ్గు తగ్గింది. మెట్లెక్కితే మాత్రం ఇంకా మధ్యలో ఆగుతాడు.

అక్క కోసం వాడు పెద్ద రేకు ఒకటి చేశాడు. దాని మధ్యలో వాళ్ల ఇంటిపేరును కూడా వేరే రకం గరుకుతోనే తెల్లగా రాసి, సిరిసిల్లలో వాళ్ల గుమ్మం పక్కన వీధి వైపు గోడకు బిగించాడు. ఎండాకాలమంతా ఆటోలు, బండ్లు లేపిన దుమ్ముతో పేరు కనబడకుండా పోయింది. అక్క దాన్ని తుడవలేదు.

తొలకరి పడిన రోజు నేను జగిత్యాలలో ఇంట్లో ఉన్నాను. అక్క వీడియో కాల్ చేసింది. ఫోను అటూఇటూ ఊగుతోంది. వాన చప్పుడు తప్ప సాంచాల చప్పుడు లేదు.

"సాంచాల చప్పుడేది అక్కా? కరెంటు పోయిందా?"

"పోలే. నేనే బందు వెట్టి బయటికచ్చిన. తమ్మునికి సుత కలుపు, జల్ది కలుపు" అని అరిచింది. తమ్ముణ్ని కలిపాను. వాడి వెనక అమ్మ మొహం కూడా తెర మీదికి వచ్చింది. అక్క ఫోనును గోడ వైపు తిప్పింది. వాన చినుకు పడిన ప్రతి చోటా ఒక పూస ఎగిరి, మట్టిని మోసుకుంటూ కిందికి పరిగెడుతోంది. పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు గొడుగులు లేకుండానే వచ్చి నిలబడ్డారు. ఎవరో పెద్దాయన, "సప్పుడు జేయకుర్రి, సూడనియ్యుర్రి" అంటున్నాడు. ఇంటిపేరులో మొదటి అక్షరం బయటపడింది, తర్వాత రెండోది.

అక్క తల నుంచి నీళ్లు కారుతున్నాయి. "లోపటికి పో అక్కా, తడుస్తున్నవు" అంటే ఆమెకు వినపడలేదు. తమ్ముడు తెరకు దగ్గరగా వంగి చూస్తున్నాడు. వాన పెరుగుతోంది.